ఎక్సెల్ షీటులో నేను ‘క్రూ–2’

ఈసారి ఉత్తరం చందానగర్ నుంచి. పేరు వేయొద్దన్నారు, వేయను. చేతిరాతలో పదకొండు పేజీలు. దానికి గుండుసూదితో గుచ్చిన ఎక్సెల్ షీటు ప్రింటు మూడు పేజీలు. షీటు వాళ్ళాయన తయారుచేసింది. ఆవిడ దాని మీద ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టి, ఆడిట్ చేసినట్టు పంపారు.

ఆవిడకి 54 ఏళ్ళు. ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ ఆఫీసరు, ఇంకా ఏడేళ్ళ సర్వీసుంది. ఆయనకి 59. రామచంద్రాపురం వైపు ఓ ఫ్యాక్టరీలో ఇంజనీరు, వచ్చే మార్చిలో రిటైరవుతారు. పన్నెండేళ్ళ కిందట వేసవి సెలవుల్లో కూతురికి తెరచాప పడవ నేర్పిద్దామని హుస్సేన్‌సాగర్‌కి తీసుకెళ్ళి, ఒడ్డున ఊరికే కూర్చోలేక తనూ నేర్చుకున్నారు. పాప రెండు నెలల్లో మానేసింది. ఆయన మానలేదు. ఇప్పటికీ ఆదివారం తెల్లవారుజామునే వెళ్ళిపోతారు.

ఆయన మనసు ఇప్పుడు మలేషియాలోని లంకావి ద్వీపంలో అమ్మకానికి ఉన్న కాటమరాన్, అంటే జంట పొట్టల తెరచాప పడవ మీద పడింది. 1999లో ఫ్రాన్సులో కట్టిన 38 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. నాలుగు పడక గదులు, రెండు డీజిల్ ఇంజన్లు. అడుగుతున్న ధర 1,38,000 డాలర్లు, అంటే కోటీ ఇరవై లక్షల పైచిలుకు. బాగుచేయడానికి ఇంకో 30 లక్షలు చాలని ఆయన లెక్క. ఘట్‌కేసర్ ప్లాటు అమ్మితే పన్ను పోను కోటీ ఎనభై ఐదు లక్షలు బ్యాంకులో పడ్డాయి. మిగిలే ముప్ఫై అయిదు లక్షలు పాప పెళ్ళికట. పాపకి 27, బెంగుళూరులో ఉద్యోగం. ఇంట్లో 84 ఏళ్ళ అత్తగారు. అత్తగారి పుట్టిల్లు కోనసీమలో లంక ఊరు, గోదావరి మీద నావ ఉన్న ఇల్లు. ఈవిడని వీఆర్‌ఎస్ తీసుకోమని, పడవ మీద మూడేళ్ళు తిరుగుదామని ఆయన మూడు నెలలుగా నసపెడుతున్నారు. నెలాఖరులోగా పది శాతం అడ్వాన్సు పంపకపోతే పడవ చేజారుతుందని బ్రోకరు మెయిలు మీద మెయిలు.

ఆవిడ అడిగినవి రెండు. “నేను వద్దంటే స్వార్థపరురాలినా? ముప్ఫై లక్షల్లో ఆ పడవ నిజంగా బాగవుతుందా?” షీటంతా వెతికితే తన పేరు ఒక్కచోటే ఉందని, అదీ లైఫ్‌జాకెట్ల లెక్కలో ‘క్రూ–2’, అంటే పడవ సిబ్బందిలో రెండో మనిషి అని ఉందని కూడా రాశారు. చివరి పేజీలో, సంతకం కింద, ఇంకో వాక్యం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

*

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. కాదు. ఘట్‌కేసర్ ప్లాటులో మీ పీఎఫ్ లోను ఉంది, దస్తావేజులో మీ పేరుంది. సగం హక్కుదారు ‘ఆగండి’ అంటే దాన్ని స్వార్థం అనరు.

రెండోది నా పాత వృత్తికి సంబంధించింది. ఇరవై రెండేళ్ళు సరుకు ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసి సైనిక్‌పురిలో స్థిరపడ్డవాణ్ణి. తెరచాప మీద మోజు నాకూ ఉంది. కాబట్టి తక్కెడ మీవారి వైపు కొంచెం మొగ్గుతుందని తెలిసే చదవండి.

మీవారు ఎంచుకున్న పడవ వెర్రి ఎంపిక కాదు. కాటమరాన్ ఒక పక్కకి వాలిపోదు. పొయ్యి మీది సాంబారు గిన్నెలోనే ఉంటుంది. అడుగు నీళ్ళలో మునిగేది మీటరు పైన కొంచెం, కాబట్టి లోతు తక్కువ తీరాల దాకా వెళ్ళొచ్చు. రెండు ఇంజన్లు దూరదూరంగా ఉండటం వల్ల ఉన్నచోటే బొంగరంలా తిప్పొచ్చు. మాట కూడా మనకి పరాయిది కాదు. తమిళంలో కట్టుమరం, కట్టిన దుంగలు. ఉప్పాడ నుంచి భీమిలి దాకా మన జాలర్లు తెప్ప అనేది దానికి చుట్టమే. పేరు మన తీరానిది, జంట పొట్టల ఈ వాటం మాత్రం పసిఫిక్ దీవులవాళ్ళది.

ఇక షీటు. మీరు ఎర్రటిక్కు పెట్టిన అడ్డువరుసలన్నీ కూడికల్లో సరిపోయాయి. తప్పంతా షీటులో లేని అడ్డువరుసల్లో ఉంది.

తెరచాప స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తాళ్ళు, అంటే రిగ్గింగ్. ప్రకటనలోనే ‘రిగ్గింగ్ 2011’ అని ఉంది. పైకి మెరుస్తూ ఉన్నా స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పుగాలికి బిగింపుల దగ్గర లోపల పగుళ్ళు పడుతుంది. పది పన్నెండేళ్ళకి మార్చేయాలన్నది పడవలవాళ్ళ వాడుక. బీమా కంపెనీలు మొదట అడిగేదీ అదే. నా అంచనాలో 7 నుంచి 10 లక్షలు. షీటులో సున్నా. మీవారు సాగర్‌లో నడిపే చిన్న పడవకి స్తంభం విరిగితే ఈదుకుంటూ నవ్వుకుంటూ ఒడ్డుకొస్తారు. ఇక్కడ స్తంభం 50 అడుగుల పైన ఉంటుంది.

ఇంజన్లు ‘సర్వీసు, లక్షన్నర’ అని రాశారు. రెండిటి గంటల మీటర్లూ ఆరువేలు దాటాయని ప్రకటన చెబుతోంది. బాగా చూసుకున్న చిన్న డీజిల్ ఇంజన్‌కి అది చావు వయసు కాదు గానీ, మీవారి మాటల్లోనే చెప్పాలంటే, రిటైర్మెంటు వయసు. పైగా ఇవి సెయిల్‌డ్రైవ్ రకం. ఇంజన్ కాలు పడవ అడుగులోని పెద్ద రంధ్రంలోంచి నీళ్ళలోకి దిగుతుంది. ఆ రంధ్రం చుట్టూ నీళ్ళని ఆపేది ఒక రబ్బరు పొర. వోల్వో పెంటా కంపెనీ ఆ పొరని ఏడేళ్ళకోసారి మార్చమంటుంది. చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదని లెక్క. ఇంజన్లే మార్చాల్సి వస్తే రెండిటికీ ముప్ఫై లక్షలు దాటొచ్చు. అంటే షీటు మొత్తం ఒక్క అడ్డువరుసలోనే మునిగిపోతుంది.

తెరచాపలకి ‘కుట్టుపని, 40 వేలు’. ఎండకి గుడ్డ పొడిబారితే కుట్టు పక్కనే మళ్ళీ చిరుగుతుంది. కొత్తవి రెండూ కలిపి 10 లక్షలు అనుకోండి. లిథియం బ్యాటరీలకి నాలుగు లక్షలు వేశారు. బ్యాటరీల వరకు అది చాలు. కానీ పాత సీసం బ్యాటరీలు తీసి ఆ చోట ఇవి పెట్టేస్తే సరిపోదు. లిథియం ఎంత కరెంటు ఇస్తే అంత లాగేసుకుంటుంది; ఇంజన్‌కున్న పాత ఆల్టర్నేటర్, అంటే కరెంటు పుట్టించే యంత్రం, ఆ వేడికి కాలిపోతుంది. మధ్యలో వేరే ఛార్జరు, తగిన ఫ్యూజులు, వైరింగు అన్నీ మారాలి. మీవారు ఎలక్ట్రికల్ ఇంజనీరయితే ఈ పేరా ఆయనకి చూపించండి, ఒప్పుకుంటారు.

సోఫా కవర్లు, కర్టెన్లకి లక్షా ఇరవై వేలు. మొత్తం షీటులో మీ అభిప్రాయం అడిగింది ఆ ఒక్క అడ్డువరుస మీదేనని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను.

ఏసీ, వాషింగ్ మెషీన్, జనరేటర్, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం. ఇవి ఖర్చు కన్నా బరువుతో దెబ్బకొడతాయి. కాటమరాన్ పొట్టలు సన్నవి. బరువు పెరిగే కొద్దీ త్వరగా దిగిపోతాయి. రెండు పొట్టల మధ్య వంతెనలాంటి అడుగుభాగానికీ నీళ్ళకీ మధ్య ఉండాల్సిన ఖాళీ తగ్గుతుంది. అప్పుడు ఎదురుగాలిలో ప్రతి కెరటమూ కింది నుంచి సమ్మెటతో కొట్టినట్టు కొడుతుంది. మొదటిసారి విన్నవాళ్ళు పడవ పగిలిందనే అనుకుంటారు. సౌకర్యం కోసమని ఎక్కించిన సామానే రాత్రి నిద్ర లేకుండా చేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న షీటులో పట్టేది కాదు. ఈ పడవల డెక్కు, అంటే మనం నడిచే పైతలం, ఒక పొర ఫైబర్ కాదు. రెండు పొరల మధ్య తేలికైన బాల్సా చెక్కో, నురుగులాంటి ఫోమో ఉంటుంది, బొబ్బట్టులో పూర్ణంలా. పాతికేళ్ళలో విప్పి బిగించిన ప్రతి బోల్టు రంధ్రమూ నీళ్ళకి దారే. బాల్సా తడిస్తే లోపలే కుళ్ళుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పడవని తనిఖీ చేసే సర్వేయరు చిన్న సుత్తితో అడుగడుగునా తట్టి వింటాడు, మనం సంతలో కుండ తట్టి చూసినట్టు. గట్టిచోట టంగుమంటుంది, కుళ్ళినచోట మొద్దుగా పలుకుతుంది. డెక్కు పొడిగా ఉంటే బాగుచేసే ఖర్చు 60 నుంచి 70 లక్షలని నా అంచనా. తడిగా ఉంటే అంచనా వేసే ధైర్యం నాకు లేదు.

మీ శాఖకి సంబంధించినవి మూడు. విదేశానికి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు ఒక్కొక్కరికీ ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా అనుమతిస్తుంది, కాబట్టి పరిమితి సరిపోతుంది. కానీ 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20% టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. కోటీ ఇరవై లక్షల మీద అది 22 లక్షలు. తర్వాత రిటర్నులో సర్దుబాటవుతుందని నాకన్నా మీకే బాగా తెలుసు. అప్పటిదాకా పాప పెళ్ళి డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది. ఇక పడవని ఎప్పుడైనా మన దేశానికి దిగుమతి చేసుకుందామంటే, కస్టమ్స్ సుంకం కలిపిన విలువ మీద 40% జీఎస్టీ ఉంది. అది తెచ్చే పడవ కాదు, అక్కడే ఉంచే పడవ. ఇంకోటి, ప్లాటు అమ్మిన లాభంతో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు దొరుకుతుంది కదా అని మీవారు అడిగారట. నాలుగు పడక గదులున్నా, అందులోనే వండుకు తిన్నా, ఆదాయపు పన్ను శాఖకి పడవ ఇల్లు కాదు.

*

ఇంతవరకు డబ్బు లెక్క. నిజానికి నేను రాయాలనుకున్నది ఇది కాదు.

మీ ఇద్దరిలో ఎవరూ వేయని కాలమ్ ఒకటుంది. రోజుల కాలమ్.

2008లో నేనూ ఇద్దరు మిత్రులమూ కలిసి కొచ్చిలో ఒక పాత 31 అడుగుల పడవ కొన్నాం. ముగ్గురమూ హైదరాబాదులోనే. నాలుగేళ్ళు ఉంచుకున్నాం. ఆ నాలుగేళ్ళలో నేను తెరచాప ఎత్తి నీళ్ళ మీద గడిపింది 23 రోజులు. పంపు ఆగిందనో, తాడు తెగిందనో, పెయింటు వేయించాలనో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళొచ్చిన రోజులు 140. లెక్క డైరీల్లో ఉంది. కొన్న ధరలో మూడో వంతుకి అమ్మేశాం. అయినా ఆ 23 రోజుల్లో ఒక్కటి కూడా వెనక్కి ఇవ్వమంటే ఇవ్వను. అదీ నిజమే, దాచను.

మీవారికి అర్థమయ్యేలా ఇలా చెప్పొచ్చు. మీ ఊళ్ళోనో మా ఊళ్ళోనో తాళం వేసిన పెంకుటిల్లు ఒకటుంటుంది. మనిషి ఉన్నంతకాలం వందేళ్ళు నిలిచిన ఇల్లు, తాళం పడ్డాక పదేళ్ళకి దూలం దించేస్తుంది. పాత పడవకి ఆ పదేళ్ళు రెండేళ్ళలో అయిపోతాయి. కదలకుండా ఉంటే అడుగున గవ్వలు పట్టి గట్టిపడతాయి, డీజిల్‌లో నీరు చేరి పాచి కడుతుంది, పంపుల రబ్బర్లు పెళుసెక్కుతాయి, లోపల పరుపుల మీద బూజు. మీరు పంపిన ప్రకటన ఫోటోల్లో నాలుగోది మళ్ళీ చూడండి. వంటగది గోడ మీద క్యాలెండరు 2022ది. కొత్త క్యాలెండరు తగిలించేవాళ్ళు ఆ పడవలో లేక ఎన్నాళ్ళయిందో బ్రోకరుని అడగండి. నెలాఖరుకి చేజారిపోయేంత గిరాకీ ఉన్న పడవలా నాకు కనబడలేదు. ఆ కాలంలో ఆ సైజు ఫ్రెంచి కాటమరాన్లు వందల్లో తయారయ్యాయి. ఇది పోతే ఇంకోటి వస్తుంది.

అందుకని, మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి, ఒక కొత్త షీటు తెరవండి. ఏడాదికి 365 అని పైన రాసి కిందికి తీసివేస్తూ రండి. అండమాన్ సముద్రంలో హాయిగా తిరిగే కాలం సుమారు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. తర్వాత నైరుతి వస్తుంది. మన పాస్‌పోర్టుకి మలేషియా వీసా లేకుండా ఇస్తున్నది ఒక్కోసారికి 30 రోజులు. గ్రీసులో ఇంకో పడవ చౌకగా ఉందన్నారు కదా, అక్కడ షెంగెన్ వీసా (యూరపు దేశాల ఉమ్మడి వీసా) మీద ప్రతి 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండనివ్వరు. మరమ్మతులకి పడవని గట్టుకెక్కించాక మూడు నెలలని మీవారు రాశారు. ఆరు అనుకోండి. 38 అడుగుల కాటమరాన్ వెడల్పు ఆరున్నర మీటర్లు. దాన్నెత్తే పెద్ద లిఫ్టు అన్ని యార్డుల్లో ఉండదు, పడవలు కట్టేసి ఉంచే మెరైనాలో కూడా మామూలు పడవకి ఒకటిన్నర నుంచి రెండింతల అద్దె. ఏడాది ఖర్చుకి ఆయన ఆరు లక్షలు వేశారు. పడవ ధరలో పదో వంతు ఏటా పక్కన పెట్టుకోవాలన్నది పాత పడవలవాళ్ళ ముతక లెక్క, అంటే 12 లక్షలు.

ఆ పైన మీ ఆఫీసు సెలవులు. పాపకి సంబంధాలు చూసే రోజులు. అత్తయ్యగారి డాక్టరు రోజులు. ఆవిడ మందుల డబ్బా సంగతి మీకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదని రాశారు. అన్నీ తీసేశాక అడుగున మిగిలే అంకె ఎంతో నాకు తెలియదు. కానీ ఇద్దరూ కూర్చుని ఆ అంకె చూశాక పడవ గురించి మాట్లాడితే వేరే మాటలొస్తాయి.

*

ఇప్పుడు దారులు. ఏది పట్టుకోవాలో మీ ఇద్దరి ఇష్టం. ఏది పట్టుకుంటే ఏమవుతుందో చెబుతాను.

పూర్తిగా వద్దనొచ్చు. మీవారు వింటారు. ఉత్తరం చదివితే ఆయన మొండిమనిషి అనిపించలేదు. మీ ఎర్ర పెన్నుకి షీటు ఇచ్చిన మనిషి. డబ్బు నిలుస్తుంది, పెళ్ళి బాగా జరుగుతుంది. కానీ ఆ తర్వాత ఇంట్లో ఫ్రిజ్ మార్చాలన్నా, తీర్థయాత్రకి వెళ్ళాలన్నా ‘పడవే మానుకున్నాం కదా’ అన్న మాట ఒకటి మధ్యలో కూర్చుంటుంది. అది పైకి వినబడకపోతే మరీ ఇబ్బంది. ఆ బరువు మోయగలరనుకుంటే వద్దనండి. తప్పేం లేదు.

కొనే దారిలో వెళ్ళాలంటే, అడ్వాన్సు పంపేముందు ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. సర్వే, సముద్రం మీద పరీక్ష మాకు తృప్తిగా ఉంటేనే కొంటాం, లేకపోతే అడ్వాన్సు మొత్తం తిరిగివ్వాలి అని. డబ్బు బ్రోకరు సొంత ఖాతాలోకి కాక, ఖాతాదారుల సొమ్ము విడిగా ఉంచే ఖాతాలోకే వెళ్ళాలి. సర్వేయరుని బ్రోకరు చూపిస్తే వద్దనండి, మీరే వెతుక్కోండి. పడవని పైకెత్తి చూడటంతో కలిపి లక్షన్నర రెండు లక్షలవుతుందని మీవారు వెనకాడుతున్నారట. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పోట్లాట అంటే ఇదే. ఆ రెండు లక్షలు పోయినా, కోటీ ఇరవై మిగలొచ్చు. సర్వే రిపోర్టు చేతికొచ్చాక ధర మీద బేరం మొదలవుతుంది. రిగ్గింగ్, ఇంజన్ల ఖర్చు ధరలోంచి దిగకపోతే లేచి వచ్చేయండి. పాత అప్పులేమైనా పడవ మీద ఉన్నాయా, రిజిస్ట్రేషను ఏ దేశంలో ఉంది అన్నవి కూడా అప్పుడే. కొంటే కాగితం మీద మీ పేరు కూడా ఉండాలి, క్రూ–2గా కాదు.

బీమా సంగతి మీవారికి నచ్చదు. పాతికేళ్ళు దాటిన పడవకి చాలామంది బీమా ఇవ్వరు. ఇచ్చేవాళ్ళు సర్వేతోపాటు నడిపేవాడి అనుభవం ఎంతని అడుగుతారు. హుస్సేన్‌సాగర్‌లో పన్నెండేళ్ళు అంటే నవ్వరు గానీ, లెక్కలోకీ తీసుకోరు. సాగర్‌లో పోటూ పాటూ లేవు, రాత్రి కాపలా లేదు, గాలి తిరగబడితే అరగంటలో ఒడ్డు. హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, వైజాగ్ అమ్మాయి స్వాతి ప్రపంచం చుట్టిరాలేదా అని ఆయన మిమ్మల్ని గద్దించారట. వచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్ళు ఆరుగురు నౌకాదళ అధికారులు, వెనక ఏళ్ళ శిక్షణ, మొత్తం నేవీ. పడవ తారిణి అప్పటికి కొత్తది. ఆ కథ నాకూ ఇష్టమే, మీ పోట్లాటలోకి లాగడమే బాగాలేదు.

ఇంకో దారి, అద్దె. డిసెంబరు, మార్చి మధ్య లంకావిలోనో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లోనో అదే సైజు కాటమరాన్‌ని నడిపే మనిషితో సహా తీసుకోండి. మూడు రోజులు కాదు, పది. మొదటి రెండు మూడు రోజులు చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఆ రోజుల్లోనే వెనక్కొచ్చేస్తే సముద్రం మీద మీకున్నది అభిప్రాయం కాదు, వాంతులు మాత్రమే. పాపని కూడా తీసుకెళ్ళండి. డ్రైనేజీ ట్యాంకు పంపు మూసుకుపోతే ఎవరు విప్పుతారో, రాత్రి రెండింటికి లంగరు జారితే ఎవరు లేస్తారో నడిపే మనిషిని అడిగి ఆ పనులు మీవారితోనే చేయించండి. కొన్ని లక్షలు ఖర్చవుతాయి, చేతిలో పడవ మిగలదు. ఆయనకి కోరిక తీరిపోవచ్చు, రెట్టింపు కావచ్చు. రెట్టింపయితే కనీసం మీరు చూసిన దాని గురించి మాట్లాడతారు.

మీకు ఈతరాదని భయపడ్డారు. చందానగర్ చుట్టుపక్కల ఆడవాళ్ళ బ్యాచ్ ఉన్న కొలనులో చేరండి, పడవ ఉన్నా లేకపోయినా. కానీ నడిసముద్రంలో కాపాడేది ఈత కాదు. రాత్రిపూట, గాలి పెరిగినప్పుడు నడుముకి పట్టీ కట్టుకుని దాన్ని పడవకి తగిలించుకోవడం. కాటమరాన్ తిరగబడితే దానంతటది నిలబడదు కూడా, బోర్లానే తేలుతుంది. తిరగబడేది ఎక్కువగా గాలి పెరిగాక తెరచాప తగ్గించడానికి బద్ధకించిన చేతుల్లోనే. అందుకే ఆయన సముద్రం మీద శిక్షణ తీసుకోవడం పడవ కన్నా ముందు కావాలి.

ఆయన ఒక్కరూ ఇంకొకరి పడవలో నెల రోజులు పనివాడిగా వెళ్ళే దారి కూడా ఉంది. అండమాన్ సముద్రంలో తిరిగేవాళ్ళలో చేతిపని తెలిసిన మనిషి దొరికితే చాలనుకునే యజమానులు చాలామంది. ఫ్యాక్టరీ ఇంజనీరంటే కళ్ళకద్దుకుంటారు. దాదాపు విమాన టికెట్ల ఖర్చుతో పోతుంది. మార్చిలో రిటైరై ఏప్రిల్ అయ్యేలోపు వెళ్ళొచ్చెయ్యొచ్చు. లెక్కప్రకారం చూస్తే ఇదే అన్నిటికన్నా చౌక.

కానీ ఇక్కడే మీ ఉత్తరం చివరి వాక్యం అడ్డొస్తుంది. సంతకం కింద, ఇంకు రంగు మారిన అక్షరాల్లో రాశారు: “ఆయన్ని ఒక్కరినే పంపితే ఆయనకేమవుతుందో అని కాదండీ, పంపాక నాకు అలవాటైపోతుందేమో అని భయం.” పదకొండు పేజీల్లో డబ్బు గురించి రాసినచోట మీ చెయ్యి ఎక్కడా వణకలేదు. ఈ ఒక్క వాక్యంలో రెండు కొట్టివేతలున్నాయి.

దీనికి నా దగ్గర సలహా లేదు. నేను ఓడల్లో ఉన్న ఇరవై రెండేళ్ళలో మా ఇంట్లో అదే జరిగింది, మేం దాన్ని దాటడానికి చాలాకాలం పట్టింది. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ వాక్యం నాకు కాక ఆయనకి వినబడాలి. ఆయన ఇప్పటిదాకా మీకు చూపించింది ఖర్చుల షీటు, మీరు ఆయనకి చూపించింది టిక్కులు. ఆయన ‘మూడేళ్ళు తిరుగుదాం’ అన్నప్పుడు ఆ ‘దాం’లో మీరున్నారని ఆయన గట్టిగా నమ్ముతున్నట్టుంది. మీరు లేరని మీరు నమ్ముతున్నారు. ఇద్దరిలో ఎవరు సరో నాకు తెలిసే దారి లేదు.

ఇంకో మాట. ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. అత్తయ్యగారిని ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. ఆవిడని ఎవరు చూసుకుంటారన్నదే ఉంది గానీ, ఆవిడ ఏమంటారన్నది లేదు. ఆవిడ నావ ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి కదా. ఈ రాత్రి భోజనాల దగ్గర, మీవారు ఎదురుగా ఉండగా, ఆవిడని అడగండి: వాళ్ళ నాన్నగారు నావని ఏటా ఎన్ని రోజులు ఒడ్డుకి లాగి తారు పూయించేవారు, ఎన్ని రోజులు ఏట్లో తిప్పేవారు అని.